దిమ్మె మీద తోడికోడలు

నమోదు 1
గాలి ఈశాన్యం, మందం. అల చీలమండ దాకా. పంపు మామూలే.

పొద్దున్నే దిమ్మెను కనిపెట్టుకుని ఉండే యంత్రం గొంతు రోజూ అడిగే ప్రశ్నే అడిగింది. "లోవకుమారి గారూ, ఇవాళ మీ మనసు ఎలా ఉంది? ఒకటి నుంచి ఐదు లోపల చెప్పండి." నేను రోజూ మూడు అంటాను. మూడంటే అది నోరు మూసుకుంటుంది. ఐదంటే అంత సంతోషం దేనికో వివరం అడుగుతుంది. ఒకటంటే ఒడ్డు నుంచి డాక్టరు మాట్లాడతాడు. ఇవాళ అన్నం అడుగంటింది. ఆ చిరాకులో రెండు అని నోరు జారాను.

అంతే, పట్టుకుంది. "మీకు కాలక్షేప పథకం వర్తిస్తుంది" అని జాబితా చదివింది. ఊలు అల్లిక, కుండీలో మరుగుజ్జు చెట్టు, ఈల పాట, చిన్న రోబో తయారీ. ఏదో ఒకటి ఒప్పుకునేదాకా గంటగంటకీ అడుగుతుందట. బంగాళాఖాతం నడుమ కూర్చుని ఊలు అల్లి ఎవరికి తొడగను? చెట్టు ఉప్పుగాలికి బతకదు. ఈల రత్నం వేసేది. నేను వేస్తే గాలి తప్ప ఏమీ రాదు. రోబో అన్నాను, పీడ వదిలింది.

రత్నమంటే నూకరత్నం, ఈ దిమ్మె మీద నాకు జంట, నన్ను వదినా అని పిలుస్తుంది. తుఫాను కంచె అంటే సముద్రంలో వరసగా నిలబెట్టిన ఇలాంటి దిమ్మెలే, ప్రతి దిమ్మెకీ ఇద్దరు కాపరులు. సముద్రం అడుగు నుంచి చల్లనీళ్ళు పైకి తోడిపోస్తూ ఉంటే, మా మీదుగా పోయే తుఫాను ఒడ్డు చేరేసరికి సగం నీరసపడుతుంది. రత్నం చలికాలం మొదట్లో నిచ్చెన మీంచి జారి మోకాలు విరగ్గొట్టుకుంది. పడవ వచ్చి ఎక్కించుకుపోయింది. తుఫానుల కాలం లోపల తిరిగి వస్తుంది. అప్పటిదాకా నేనూ, పంపూ, ఈ గొంతూ.

నమోదు 2
గాలి లేదు. అల లేదు. సముద్రం పళ్ళెంలో పోసినట్టుంది.

రోబో దేనికో చెప్పాలట, పత్రంలో ఒక గడి ఖాళీగా ఉందట. "చీర మడత పెట్టడానికి" అన్నాను. గొంతు ఆ గడిలో అదే రాసుకుంది.

కంచెలో అందరూ వాళ్ళిచ్చిన జారుడు బట్ట వేసుకుంటారు. ఉతకక్కర్లేదు, మడవక్కర్లేదు, దులిపితే చాలు. నాకు నూలు తప్ప ఒంటికి పడదు. మాది ఉప్పాడ. పాత ఉప్పాడ నీళ్ళలోకి పోయాక మగ్గాలు మోసుకుని మెరక మీదికి పోయిన వాళ్ళం. అన్నం వార్చిన గంజి పారబోస్తే మా అమ్మ మూడు రోజులు సణిగేది. ఇక్కడ కూడా నేను గంజి పెట్టిన చీరే కడతాను. రత్నం మొదట్లో పడీపడీ నవ్వింది. తర్వాత తనూ ఒకటి తెప్పించుకుంది.

చిక్కల్లా మడత దగ్గర. గంజి చీర ఒక్క మనిషి మడిచేది కాదు. కొంగు తలుపు గడియకు కట్టి చూశాను. అంచు కాలి కింద తొక్కిపట్టి చూశాను. ఎలా చేసినా మూలకు మూల కలవదు. చివరికి అది చీరలా కాక, అలిగి పడుకున్న మనిషిలా ఉంటుంది. రత్నం వెళ్ళినప్పటి నుంచీ ముడతల చీరలే కడుతున్నాను. చూసేవాళ్ళు లేరు కదా అని సరిపెట్టుకుంటున్నాను గానీ, సరిపోవడం లేదు.

ఇవాళ సుద్దముక్కతో దిమ్మె నేల మీద నా అడుగులూ రత్నం అడుగులూ గీశాను. ఎవరు ఏం చేసేవాళ్ళమో తలుచుకుంటూ అటు వెళ్ళి నిలబడ్డాను, ఇటు వచ్చి నిలబడ్డాను. చెరో రెండు మూలలూ పట్టుకోవాలి. దులపాలి. లాగాలి. మూలా మూలా కలపాలి. మళ్ళీ లాగాలి. అప్పుడు రత్నం తన కొసలు పట్టుకుని ఎదురొచ్చి నా చేతికిచ్చి, వంగి కింద వేలాడే మడత అందుకునేది. ఇన్నేళ్ళూ చేశాను గానీ ఎప్పుడూ గమనించలేదు. పట్టుకోవడం గోడకు కొట్టిన మేకు కూడా చేస్తుంది. ఎదురు రావడమే అసలు పని.

నమోదు 3
గాలి తూర్పు. అల మోకాలెత్తు. పంపు మూతలో చిన్న చెమ్మ, తుడిచాను.

నా రోబోకు మెదడు పెట్టను. మెదడున్న యంత్రాలను కంచె వాళ్ళు ఎప్పుడో ఇక్కడికి పంపించారు. ఉప్పుగాలి తగిలి ఒక్కొక్కటే మతి తప్పాయి. నేల కడిగేది నీళ్ళను చూస్తే ఆగిపోయేది. వంట చేసేది ఉప్పు డబ్బా ముందు నిలబడి కదిలేది కాదు. అందుకే మళ్ళీ మనుషుల్ని తెచ్చి పెట్టారు. గొంతు ఒక్కటి మిగిలిందంటే, దాన్ని గాజు పెట్టెలో మూసి ఉంచారు కాబట్టి.

సామాను గది అంతా తవ్వాను. దిమ్మె కాళ్ళకు పట్టిన గుల్లలు గీకే యంత్రం ఒకటి చచ్చి పడి ఉంది. దాని చక్రాలూ మోటారూ బాగానే ఉన్నాయి. అవి కింద పెట్టాను. నడుముకు బియ్యం డబ్బా. చేతులకు పడవ తెడ్డు ముక్కలు రెండు. వేళ్ళకు వంటింటి పట్టకార్లు, లోపల పాత హవాయి చెప్పుల రబ్బరు అంటించాను. గిన్నె దించుకోవడానికి ఇక పమిట చెంగే గతి.

నిలబెట్టాను. నిలబడింది. చీర కొస పట్టించి ఇటు లాగాను. బోర్లా పడింది. లేపాను. మళ్ళీ పడింది. సాయంత్రం దాకా ఇదే వరస. ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అనలేదు. డబ్బాలో వల గుళ్ళు, ఆ సీసపువి, సగం దాకా పోశాక ఒళ్ళు కుదిరింది. ఇప్పుడు లాగితే కదలదు. మరీ కదలదు.

నమోదు 4
గాలి తూర్పే. అల మోకాలెత్తు.

నా గులాబీ అంచు చీర చింపేసింది. నేను లాగాను, అది వదల్లేదు. దానికి ఇవ్వడం తెలీదు. కోపం వచ్చి దాన్ని ఒక్క తన్ను తన్ని, కాలు వాచి, తడిగుడ్డ కట్టుకుని కూర్చున్నాను.

రత్నంతో మాట్లాడే వంతు ఇవాళే. కాపరులకు ఒడ్డుతో వారానికోసారి మాట కలుపుతారు. చెప్పగానే ఈల వేసినంత పని చేసింది.

"నీతో చీర పట్టుకోవడం మాటలా వదినా? నువ్వు లాగుతుంటే దూడ తాడు లాగినట్టుంటది."

"మరి నువ్వెప్పుడూ చింపలేదే?"

"నీ భుజం చూసేదాన్ని. అది లేచిందంటే నువ్వు గట్టిగా లాగబోతున్నావని. అప్పుడు నేను కొంచెం వదిలేదాన్ని. మళ్ళీ నువ్వు వదిల్తే నేను లాగేదాన్ని."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పేదేముంది. చేతికి తెలిసేది."

మోకాలు ఎలా ఉందని అడిగాను. నడుస్తున్నానంది. వెనక గిన్నెల చప్పుడు, మనుషుల మాటలు. పిఠాపురంలో వాళ్ళ అక్క సత్యవేణికి టిఫిన్ల కొట్టు ఉంది. అక్కడే కూర్చుని అల్లం పచ్చడి నూరుతోందట. అక్క తిడుతోందని మాట పెట్టేసింది. వంతు ఇంకా సగం మిగిలే ఉంది. ఆ మిగిలిన సగం నేను ఊరికే చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.

నమోదు 5
గాలి మారింది, దక్షిణం. అల చీలమండ.

"చేతికి తెలిసేది" అన్న మాట పట్టుకుని ఆలోచించాను. దిమ్మె కింద చేపలు ఎంత పెరిగాయో తూచి చెప్పమని కంచె వాళ్ళు ఇచ్చిన స్ప్రింగు కాటాలు రెండున్నాయి. తెడ్డుకీ పట్టకారుకీ మధ్య ఒక్కో కాటా బిగించాను. నేను లాగితే స్ప్రింగు సాగుతుంది, ఆ మేరకు వదులుతుంది. నేను వదిలితే ముడుచుకుని లాగుతుంది. కాటా ముల్లు సున్నా దగ్గరికి వచ్చిందంటే బట్ట వదులైందని, అంటే నేను ముందుకు అడుగు వేశానని. అక్కడొక మీట పెట్టి చక్రాల మోటారుకు కలిపాను. తెడ్లను డబ్బాకు వదులుగా బిగించాను, నేను చేతులు దగ్గరికి తెస్తే బట్టే వాటినీ దగ్గరికి లాగుతుంది. నేను ఎదురు వెళ్తే అదీ ఎదురు రావాలి. అంతే దాని తెలివి.

అడుగు వేశాను. అది కదల్లేదు. తీగ ఊడింది. బిగించాను. మళ్ళీ అడుగు వేశాను. ఈసారి వచ్చింది, కానీ ఆగలేదు. నన్ను గుద్ది, నా మీదుగా అటు గోడ దాకా పోయి చీర నెత్తిన కప్పుకుని నిలబడింది. ఎవరూ లేరు కాబట్టి నవ్వు ఆపుకోవలసిన పని లేదు. కడుపు నొప్పి వచ్చేదాకా నవ్వాను.

ముందు భాగాన రబ్బరు బుడిపె పెట్టాను. నా కడుపుకు తగలగానే మోటారు ఆగి, పట్టకార్లు తెరుచుకుంటాయి. వంగి మడత అందుకోవడం మాత్రం దాని వల్ల కాదు. అది నేనే తీసి దాని వేళ్ళ మధ్య పెట్టాలి.

పేరు తోడికోడలు అని పెట్టాను. ఒకే ఇంట్లో చచ్చినట్టు కలిసి పనిచేయాల్సిన మనిషి, మాటా మాటా పెద్దగా ఉండదు.

నమోదు 6
గాలి దక్షిణం. అల చీలమండ. పంపు మామూలే.

ఇవాళ కుదిరింది. దులిపాను, అది ఊగింది. లాగాను, వదిలింది. వదిలాను, లాగింది. చేతులు దగ్గరికి తెచ్చి మూలా మూలా కలిపింది. నేను అడుగు వేశాను. బియ్యం డబ్బా గలగలలాడుతూ, తెడ్డు చేతులు చాచుకుని, చీర కొసలు పట్టుకుని ఎదురొచ్చింది. బుడిపె నా కడుపుకు ఆనింది. పట్టకార్లు తెరుచుకుని కొసలు నా చేతిలో పడ్డాయి.

నాకు ఏడుపొచ్చింది. దేనికో తెలీదు అని రాయబోయాను. తెలుసు. చలికాలం నుంచీ నాకు ఎదురుగా ఏదీ రాలేదు.

ఉన్న చీరలన్నీ తడిపి, గంజి పెట్టి, ఆరేసి, మడిచాం. మడిచాం అని రాస్తున్నాను, పోనీ.

నమోదు 7
గాలి నైరుతి, విసురు. అల నడుం దాకా.

కంచె వాళ్ళు కాపరులకు చేతిపనుల పోటీ పెట్టారని గొంతు చెప్పింది. విని నేను ఊరుకోవచ్చు కదా. చిత్రం తీసి పంపాను. పోనీ చీర మడతతో ఆగానా అంటే అదీ లేదు. ఆ మధ్యాహ్నమే గాలి లేచింది. ఎండగుడ్డ దించి మడవాలి. మా పంపుకు కరెంటు ఇచ్చేది ఆ గుడ్డే, దిమ్మె పొడవునా పరిచి ఉంటుంది. గాలికి చిరిగితే పంపు ఆగుతుంది. ఇద్దరు మనుషుల పని అని దాని అంచు మీదే అచ్చు వేసి ఉంది. రత్నం వెళ్ళాక గాలి వచ్చినప్పుడల్లా నేను తాళ్ళు కట్టీ, మీద పడుకునీ, ఎలాగో నెట్టుకొచ్చాను. ఇవాళ తోడికోడలిని నిలబెట్టాను. గుడ్డ పెద్ద చీర, అంతే కదా. గాలి విసిరినప్పుడల్లా కాటాలు కిర్రుమన్నాయి గానీ చిరగలేదు. అదీ చిత్రం తీసి, "ఇద్దరి పని ఇప్పుడు ఒక్కదాన్నే చేస్తున్నా" అని గొప్పగా మాట కూడా జోడించి పంపాను.

నమోదు 8
గాలి నైరుతి. అల మోకాలెత్తు.

మొదటి బహుమతి నాదే. గొంతు మనసు సంగతి అడిగితే నాలుగు అన్నాను. వివరం అడిగింది, చెప్పాను కూడా.

మధ్యాహ్నం ఒడ్డు నుంచి ఫణిశ్రీ మేడం మాట్లాడారు. కాపరులను దిమ్మెలకు పంచేది ఆవిడే. మంచి మనిషి, మాటకు ముందు భోజనం అయిందా అని అడుగుతారు.

"మీ యంత్రం చూశామండీ లోవకుమారి గారూ. ఇక్కడ అందరం నోళ్ళు తెరుచుకుని చూశాం. మీకు తెలుసుగా, కంచెకు మనుషులు దొరకడం లేదు. కొన్ని దిమ్మెలు ఖాళీగా ఉన్నాయి. మీరు ఇద్దరి పని ఒక్కరే చేయగలిగితే, మీ దిమ్మెను ఒంటి కాపలా చేద్దామని ఆలోచన."

"రత్నం వస్తుంది కదండీ."

"అదేనండీ. ఆవిడ చోటు తీసేస్తాం. ముందు ఒక పరీక్ష పెడతాం. మీరు గుడ్డ మడిచి చూపిస్తే మేం ఇక్కణ్ణుంచి చూస్తాం."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. రత్నం చోట్లో నిలబెట్టడానికి నేనొక డబ్బాను తయారుచేశాను. పైగా బహుమతి కూడా పుచ్చుకున్నాను.

నమోదు 9
గాలి నైరుతి. అల మోకాలెత్తు. ఆకాశం మూసుకుని ఉంది.

రత్నం వంతు. పరీక్ష సంగతి చెప్పాను. అటు వైపు అట్లపెనం మీద నీళ్ళు చిలకరించిన చప్పుడు వినిపించింది.

"నీ బొమ్మ బాగా చేస్తోందా వదినా? గాలికి కూడా ఆగుతోందా?"

"ఆగుతోంది. దాని గురించి నువ్వు బెంగపెట్టుకోకు. నీ చోటు ఎక్కడికీ పోదు. నేను చూసుకుంటా."

"నువ్వేం చూసుకుంటావు?"

"అదంతా నీకెందుకు. నువ్వు పెట్టె సర్దుకో చాలు."

"నీ ఇష్టం వదినా" అంది. అలసిపోయినట్టుంది గొంతు. పాపం రోజంతా ఆ పొయ్యి దగ్గర నిలబడుతోంది కదా, వచ్చాక ఇక్కడ నాలుగు రోజులు ఏ పనీ చెప్పకూడదు అనుకున్నాను.

నమోదు 10
గాలి నైరుతి, ఒక మోస్తరు. అల నడుం దాకా. పరీక్ష అయింది.

పొద్దున్నే రెండు కాటాల్లోనూ ముల్లు కదలకుండా ఒక్కో మేకు దిగ్గొట్టాను. చిన్న మేకులే. మన చేత్తో చేసిన దాన్ని మన చేత్తో పాడుచేయడం ఇంత కష్టంగా ఉంటుందని అనుకోలేదు. రెండో మేకు దగ్గర సుత్తి పక్కన పెట్టి కాఫీ తాగొచ్చాను. తాగొచ్చి కొట్టాను. రత్నం రావాలి. రావాలంటే ఇది ఓడాలి.

మేడమూ ఇంకో ఇద్దరూ ఒడ్డును చూపించే అద్దంలో కనిపించారు. గుడ్డ దించాను. తోడికోడలు పట్టుకుంది. దులిపాను, ఊగలేదు. లాగాను, ఇవ్వలేదు. నేను కొసలతో ఎదురు వెళ్ళాను. అది అక్కడే నిలబడింది. దాని దాకా వెళ్ళి నిలబడ్డాను. అయినా కదల్లేదు.

"ఎందుకు రావడం లేదండీ?" అని మేడం అడిగారు.

"ఏమోనండీ, దాని బుద్ధి" అన్నాను.

వెనక్కి వచ్చి మళ్ళీ పట్టుకున్నాను. గాలి ఒక్క విసురు విసిరింది. స్ప్రింగు ఇవ్వదు కదా, గుడ్డ మధ్యలో బారున చిరిగింది. ఆ ఊపుకు తోడికోడలు పక్కకు పడింది. ఎడమ చెయ్యి విరిగింది. అంతదాకా నేను అనుకోలేదు. సీసపు గుళ్ళన్నీ దిమ్మె అంతా దొర్లుకుంటూ పోయాయి.

"అయ్యో, సరేనండీ. మనిషే కావాలి అయితే. కొత్త గుడ్డ వచ్చే పడవలో పంపుతాం" అన్నారు మేడం. నా పని అయింది. గుళ్ళు ఏరుకుంటూ కూర్చున్నాను. సంతోషం వస్తుందేమో అని చూశాను, ఇంకా దారిలో ఉంది కాబోలు.

నమోదు 11
గాలి పడింది. అల చీలమండ. చిరిగిన గుడ్డకు అతుకు వేశాను, పంపు సగం జోరుతో నడుస్తోంది.

వంతు కాకపోయినా ఇవాళ రత్నమే మాట కలిపించుకుంది.

"నీకొక మాట చెప్పాలి వదినా. కోప్పడకు."

"చెప్పకముందే కోప్పడొద్దంటే ఎలా? చెప్పు."

"నాకు అక్కడికి రావాలని లేదొదినా."

మోకాలు ఇంకా నొప్పి పెడుతోందా అని అడిగాను. నాకు తోచిన కారణం అదొక్కటే.

"మోకాలు భేషుగ్గా ఉంది. అది కాదు. ఇక్కడ పొద్దున్నే కొట్టు తెరుస్తామా, జనం వస్తారు. ఒకాయన అట్టు మాడిందంటాడు. ఒకావిడ పొయ్యి దగ్గరే నిలబడి కోడలి మీద చాడీలు చెబుతది. అక్క రోజుకు నాలుగుసార్లు నన్ను తిడతది. నాకు ఆ గోల కావాలొదినా. అక్కడ నీళ్ళను చూసి చూసి నాకు లోపల ఎలాగో అయిపోయేది. నువ్వు బాధపడతావని ఈల వేసుకుంటూ తిరిగేదాన్ని. నిచ్చెన మీంచి పడ్డానా, నొప్పి తెలిసే ముందు ఏమనుకున్నానో తెలుసా? హమ్మయ్య, ఒడ్డుకు పోతాను అనుకున్నా."

ఆ రోజు తన తల నా ఒళ్ళో పెట్టుకుని పడవ వచ్చేదాకా నేనే ఎక్కువ ఏడ్చాను.

"నీకు చెప్పాలని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. ఒక్కదానివైపోతావని చెప్పలేకపోయా. పోటీలో నీ బొమ్మను చూశాక ధైర్యమొచ్చింది. మేడంకు నేనే ఫోన్ చేశా. మా వదినకు చెయ్యి సాయం దొరికింది, నన్ను ఒదిలెయ్యండని. ఆవిడ సరేనన్నారు. పరీక్ష పెట్టి చూస్తామన్నారు. ఇప్పుడేమో అది ఓడిపోయిందంట. ఒప్పుకున్న గడువు అయ్యేదాకా నేనే రావాలంట. వచ్చే పడవకు ఎక్కమన్నారు."

"వస్తావా మరి?"

"రాక ఏం చేస్తాను. వస్తాలే. నీ మీద నాకేం లేదు."

నాకు ఆ ఒక్క క్షణం ఏం అనిపించిందో ఇక్కడ రాయకపోతే ఈ నమోదు పుస్తకం ఎందుకు. వస్తుంది కదా, ఎలా వస్తేనేం అనిపించింది. నాలుగు రోజులు ముఖం ముడుచుకుంటుంది, తర్వాత సర్దుకుంటుంది, మళ్ళీ ఈల వేస్తుంది అనిపించింది. ఆ ఈల ఎందుకు వేసేదో అప్పుడే చెప్పింది, అయినా అలా అనిపించింది.

"పరీక్షలో ఏమైంది వదినా? పోటీలో అంత బాగా చేసింది కదా."

"కాటాలో మేకు ఇరుక్కుంది."

"దానంతటదే ఇరుక్కుందా?"

వెనక ఎవరో ఉల్లిపాయ ఎక్కువ వెయ్యమని అడుగుతున్నారు.

"మేకులకు కాళ్ళుంటాయేటే" అన్నాను.

"నాకోసం చేశావా?" అని అడిగింది.

"కాదు. నాకోసమే."

"వదినా..."

"పెట్టె సర్దకు. ఆ అట్టు సంగతి చూడు, మాడిపోతున్నట్టుంది" అని నేనే మాట పెట్టేశాను. ఎప్పుడూ తనే పెట్టేసేది.

నమోదు 12
గాలి లేదు. అల లేదు.

కాటాల్లోంచి మేకులు పీకాను. దిగినంత తేలిగ్గా రాలేదు, ఒకటి తల విరిగింది, తొలిచి తీయాల్సి వచ్చింది. ఎడమ చేతికి ఇంకో తెడ్డు కోశాను. పాత చేతి కంటే రవ్వంత పొడుగు వచ్చింది, మూల కలిపేటప్పుడు అటు పక్కకు వాలుతుంది. కుడి కాటాను ఒక పిసరు బిగించి సరిచేశాను. ఇన్నాళ్ళూ నాకు చీర మడవడానికి కావాలని చేశాను. ఇప్పుడు దీన్ని గెలిపించడానికి చేస్తున్నాను. చేతులు మొదటిసారి కంటే జాగ్రత్తగా పనిచేశాయి. అది చూసి నాకే కోపం వచ్చింది.

మేడంతో మాట్లాడాను. ఉప్పు పట్టి కాటా బిగుసుకుపోయింది, బాగుచేశాను, ఇంకోసారి చూడండి అన్నాను.

"మీరే అడుగుతున్నారా?" అన్నారావిడ. "కాపరులెవరూ ఇలా అడగరండీ. అందరూ జంట కావాలనే అడుగుతారు."

"పడవ బయల్దేరకముందే పెట్టండి" అన్నాను.

నమోదు 13
గాలి నైరుతి. అల మోకాలెత్తు. పంపు సగం జోరు.

అతుకు వేసిన గుడ్డతోనే చేశాం. అద్దంలో మేడం ఒక్కరే ఉన్నారు. గాలి మొన్నటికంటే ఎక్కువే ఉంది. తోడికోడలు పట్టుకుంది. గాలి విసిరితే ఇచ్చింది, తగ్గితే లాగింది. మూలా మూలా కలిపింది. నేను అడుగు వేశాను, అది ఎదురొచ్చింది. కొసలు నా చేతిలో పెట్టి ఆగింది. గుడ్డ అంతా మడతయ్యేదాకా ఒక్క తప్పు లేదు. మధ్యలో ఒకసారి, ఎక్కడైనా జారితే బాగుండునని అనుకున్నాను. జారలేదు. నేను చేసింది కదా.

"చాలా బాగుందండీ" అన్నారు మేడం. "ఇలాంటివి మిగతా దిమ్మెలకూ చేయిస్తే ఎంతమందిని ఒడ్డుకు పంపొచ్చో చూడండి. రత్నం గారి పేరు ఇవాళే తీసేస్తాను. ఆవిడకు నేనే చెబుతాను."

"చెప్పండి. ఎదురుచూస్తూ ఉంటుంది."

"ఒక్కటే మిగిలింది. ఒంటి కాపలా చేయాలంటే దిమ్మె కాపరి నోటితో చెప్పాలి, అది నమోదవుతుంది. మీ పేరు, దిమ్మె పేరు చెప్పి, రెండో మనిషి అవసరం లేదని చెప్పండి."

పేరు చెప్పాను. దిమ్మె పేరు చెప్పాను. రెండో మనిషి అవసరం లేదు అని చెప్పాను.

మేడం చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. గాలి చప్పుడులో వినపడలేదు, ఇంకోసారి గట్టిగా చెప్పమన్నారు.

ఇంకోసారి గట్టిగా చెప్పాను.